ఎర్ర గోబ్లిన్ డెక్ బరువెక్కింది, ఏ ముక్కలు తీసేయాలి?

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
అన్నలకూ అక్కలకూ నమస్తే. మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట మొదలుపెట్టి ఆరు నెలలైంది. ప్రతి ఆదివారం అమీర్‌పేటలో మా హాస్టల్ బ్యాచ్‌తో పాపర్ ఆడతాను, అంటే ఎప్పుడో ఒకసారైనా కామన్‌గా (అన్నిటికంటే మామూలు రకంగా) అచ్చయిన కార్డులే వాడాలి, డెక్‌లో కనీసం 60, మౌంటెన్ లాంటి బేసిక్ ల్యాండులు (కార్డులు దింపడానికి ఖర్చుపెట్టే మనా ఇచ్చేవి) తప్ప ఏదీ నాలుగుకు మించకూడదు. నాది గోబ్లిన్ డెక్. నాలుగో టర్న్‌కల్లా కొట్టేసి చాయ్ తాగుదామని కట్టుకున్నాను, ఏడో టర్న్‌కి నేనే ఓడిపోయి చాయ్ డబ్బులిస్తున్నాను.

లిస్ట్ ఇది: ఫౌండ్రీ స్ట్రీట్ డెనిజెన్ 4, గోబ్లిన్ కోహార్ట్ 4, గోబ్లిన్ బుష్‌వాకర్ 2, మాగ్ వార్ మార్షల్ 4, గోబ్లిన్ మేట్రన్ 4, బీటిల్‌బ్యాక్ చీఫ్ 4, కాన్యన్ మినోటార్ 4, లైట్నింగ్ బోల్ట్ 4, లావా యాక్స్ 4, ఫైర్‌బ్లాస్ట్ 2 (ఈ మూడూ నేరుగా దెబ్బ వేసే ముక్కలు, వాటి ముందున్నవన్నీ క్రీచర్లు), మౌంటెన్ 24.

నిన్నటి ఆట చెప్తాను, అందులోనే నా బాధంతా ఉంది. ఎదుట నల్ల డెక్, ముందు ఆడింది అతనే. నేను మొదటి టర్న్ డెనిజెన్. రెండో టర్న్ మార్షల్, దాంతోపాటు ఒక టోకెన్ (కార్డు కాని చిన్న గోబ్లిన్), నా ఎర్ర క్రీచర్ ఇంకోటి దిగినప్పుడల్లా డెనిజెన్ దెబ్బ ఆ టర్న్‌కి 1 పెరుగుతుంది కాబట్టి అది వెళ్లి 3 కొట్టింది, అతను 20 లైఫ్ నుంచి 17. మూడో టర్న్ అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో) ఎకో, అంటే మార్షల్‌ని ఉంచుకోవడానికి మళ్లీ కట్టే మనా, కట్టలేదు, మార్షల్ చచ్చి ఇంకో టోకెన్ ఇచ్చింది. కికర్ (అదనపు మనా) కట్టి బుష్‌వాకర్ దింపాను, మిగిలిన ఒక మనాతో కోహార్ట్ దింపాను, అందరినీ పంపితే 11 దెబ్బ. అతను 6. ఊపులో ఉన్నాను కదా, రెండు మౌంటెన్లు బలిచ్చి ఫైర్‌బ్లాస్ట్ కూడా వేసేశాను, అతను 2.

అతని నాలుగో టర్న్‌లో క్రిప్ట్ ర్యాట్స్ వచ్చి ఒక మనాతో అందరికీ ఒక దెబ్బ వేసింది. కోహార్ట్ తప్ప అన్నీ పోయాయి. అతనూ 1కి దిగాడు. నా చేతిలో మినోటార్, లావా యాక్స్. బల్ల మీద ఒక్క మౌంటెన్. ఆ టర్న్ ఇంకో మౌంటెన్ వచ్చింది, ఏం లాభం, రెండు మనాకి రెండూ కదలవు. కోహార్ట్ ఏమో ఆ టర్న్‌లో క్రీచర్ వేస్తే తప్ప కొట్టడానికి వెళ్లదు. ఒక్క లైఫ్ మీద మనిషి నవ్వుతూ కూర్చున్నాడు, నేను మూడు టర్న్‌లు గుడ్లప్పగించి చూశాను.

ఏం తీసి ఏం పెట్టాలో చెప్పండి. డబ్బులు తక్కువ, అది కూడా గుర్తుంచుకోండి.

చార్‌సౌబీస్_చాయ్:
తమ్ముడూ కథ బాగుంది, కానీ ఆ టర్న్ మళ్లీ చదువు. బుష్‌వాకర్ ముందా, కోహార్ట్ ముందా?

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
బుష్‌వాకర్ ముందు. తేడా ఏముంది అన్నా, డెనిజెన్‌కి ఎలాగైనా ప్లస్ వస్తుంది కదా?

పాత_పేకముక్క:
డెనిజెన్‌కి వస్తుంది, కోహార్ట్‌కి రాదు. బుష్‌వాకర్ కికర్ అది దిగిన క్షణంలో బల్ల మీద ఉన్నవాళ్లకే +1/+0 (దెబ్బకి 1, ప్రాణానికి 0), హేస్ట్ (దిగిన టర్న్‌లోనే కొట్టే వీలు) ఇస్తుంది. తర్వాత వచ్చినోడు పెళ్లయ్యాక భోజనానికి వచ్చినోడే, విస్తరి లేదు. కోహార్ట్ ముందు దింపి, ఆఖరున బుష్‌వాకర్ వేస్తే లెక్క ఇలా ఉంటుంది: డెనిజెన్ సొంతం 1, అప్‌కీప్ టోకెన్‌కి 1, కోహార్ట్‌కి 1, బుష్‌వాకర్‌కి 1, కికర్ 1, మొత్తం 5. టోకెన్లు రెండూ 2 చొప్పున, బుష్‌వాకర్ 2, కోహార్ట్ 3. మొత్తం 14. అతను 17 నుంచి 3. అప్పుడు ఫైర్‌బ్లాస్ట్ 4. మూడో టర్న్‌లో ఆట అయిపోయేది, ఎలుకలు బయటికి వచ్చే పనే లేదు.

రెండో తప్పు ఫైర్‌బ్లాస్ట్. అది చంపే రోజున వేసే ముక్క, గాయం చేయడానికి కాదు. దాన్ని చేతిలో ఉంచుకుని ఉంటే అతను 6, ఎలుకల దెబ్బకి 5. నాలుగో మౌంటెన్ వచ్చిందన్నావు, మినోటార్ వేసి కోహార్ట్‌ని పంపితే 3, ఫైర్‌బ్లాస్ట్‌తో ఖతం. ల్యాండులు ముందే ట్యాప్ చేసి (పక్కకి తిప్పి) మనా వాడుకుని, ఆ ట్యాప్ అయిన వాటినే బలివ్వొచ్చు, అది మర్చిపోకు.

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
అబ్బా. తల పట్టుకున్నాను. అయితే డెక్ తప్పు లేదన్నమాట, మినోటార్ కూడా మంచిదే కదా, మీరు చెప్పిన దాంట్లో గెలిపించేది అదే!

పాత_పేకముక్క:
నువ్వు లాయరు చదువుతున్నావా?

సరే విను. నువ్వు చేసిన రెండు తప్పులూ అలాగే ఉంచు. చేతిలో మినోటార్ బదులు ఏదో ఒక ఒక మనా గోబ్లిన్ ఉందనుకో. రెండు మౌంటెన్లు మిగిలాయి, అది దింపావు, కోహార్ట్ కదిలింది, 1 లైఫ్ మీద ఉన్నవాడు పోయాడు. లేదా లావా యాక్స్ బదులు బోల్ట్ ఉందనుకో, ఒక్క మౌంటెన్‌తో 3 దెబ్బ, పోయాడు. అంటే వరస తప్పినా, ఫైర్‌బ్లాస్ట్ దండగ చేసినా, ఆ రెండు ముక్కల్లో ఏ ఒక్కటి చవకైనా నువ్వే గెలిచేవాడివి. ఈ రకం డెక్‌లో చవక ముక్క నీ తప్పుల్ని కూడా కడుగుతుంది. ఖరీదైన ముక్క నువ్వు తప్పు చేయనప్పుడే పలుకుతుంది, అది కూడా నాలుగు ల్యాండులు వచ్చాక.

రమ్మీ ఆడావా ఎప్పుడైనా? ప్యూర్ సీక్వెన్స్ లేకుండా ఏస్‌లూ రాజులూ పట్టుకుని "పెద్ద ముక్కలు, పెద్ద ముక్కలు" అని మురిసిపోతుంటే అవతలివాడు షో కొడతాడు, నీకు 80 పాయింట్లు. నీ లావా యాక్స్ అదే. చేతిలో ఉన్నంతసేపూ అందంగానే ఉంటుంది.

చార్‌సౌబీస్_చాయ్:
మా ఇంట్లో అయితే మొత్తం ఆటనే పేకాట అంటారు. అమ్మ ఇంకా అడుగుతుంది, ఎంత పోగొట్టుకున్నావ్ రా అని. స్లీవ్‌ల (కార్డు తొడుగుల) ఖర్చు చెప్తే ఆమె అన్నదే నిజం అనిపిస్తుంది.

మియాపూర్_లెక్కలు:
ఎవరూ లెక్క వేయలేదు కాబట్టి నేనే వేస్తా.

నీ లిస్ట్‌లో మొదటి టర్న్ దింపదగ్గ క్రీచర్లు 8 (డెనిజెన్, కోహార్ట్). బుష్‌వాకర్‌ని లెక్కలో వేయను, మొదటి టర్న్‌లో దాన్ని వేయడం అంటే పటాకా తడిపి వెలిగించడం. 60లో 8 ఉంటే మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి రావడానికి 65 శాతం అవకాశం. 12 ఉంటే 81 శాతం. 16 ఉంటే 90. అంటే ఇప్పుడు నువ్వు ప్రతి మూడు ఆటల్లో ఒకటి మొదటి టర్న్ ఖాళీగా ల్యాండ్ పెట్టి ఊరుకుంటున్నావు. అందరికీ 20 లైఫ్, నువ్వు నాలుగు టర్న్‌లలో దింపాలనుకుంటున్నావు, అందులో ఒక టర్న్ ఊరికే పోతే మిగిలేది ఎంత?

ల్యాండుల సంగతి. 24తో రెండోవాడిగా ఆడి నాలుగో టర్న్‌కి 11 కార్డులు చూస్తావు, సగటున 4.4 ల్యాండులు. 18కి తగ్గిస్తే 3.3. నీకు కావాల్సింది మూడే. ఇక లావా యాక్స్‌కి ఐదు మనా, 24 ల్యాండులతో కూడా సగటున ఐదో ల్యాండ్ కనబడాలంటే 12, 13 కార్డులు చూడాలి, అంటే ఐదో టర్న్ కూడా దాటొచ్చు.

కానీ ఇంకో వైపు కూడా చెప్తాను, లేకపోతే రేపు నన్ను తిడతావు. 18 ల్యాండులతో మొదటి చేతిలో సున్నా లేదా ఒక్క ల్యాండ్ రావడానికి 31 శాతం. 24తో అది 14 శాతమే. తగ్గించడం ఊరికే రాదు.

మేట్రన్_అక్క:
అదే నేను చెప్పబోతున్నా, 18 అని అందరూ గుడ్డిగా అంటారు. నాది 19. గోబ్లిన్ మేట్రన్‌కి మూడు మనా కావాలి, మూడో ల్యాండ్ తప్పకుండా కావాలి. మేట్రన్‌ని తీసేయమని ఎవరైనా అంటే వాళ్ల మాట వినకు. అది దిగుతూ డెక్‌లో నుంచి ఏ గోబ్లిన్ కావాలంటే ఆ గోబ్లిన్ తెస్తుంది. బుష్‌వాకర్లు నాలుగే పెట్టొచ్చు కానీ మేట్రన్ ఉంటే ఐదోది, ఆరోది కూడా ఉన్నట్టే.

పాత_పేకముక్క:
అక్కా గౌరవంతో చెప్తున్నా, మూడో టర్న్‌లో 1/1 దింపి "నాకు వచ్చే టర్న్ పని ఉంది" అని చీటీ చూపించడం ఈ డెక్ పని కాదు. రెండు చాలు.

మేట్రన్_అక్క:
మూడు.

పాత_పేకముక్క:
రెండు. నాలుగో టర్న్ తర్వాత ఊపిరి అయిపోయినప్పుడు అది బాగుంటుందని ఒప్పుకుంటా, అందుకే రెండు.

చిల్కలగూడ_చిన్నోడు:
మధ్యలో వస్తున్నా ఏమనుకోవద్దు. మొనాస్టరీ స్విఫ్ట్‌స్పియర్ ఎందుకు ఎవరూ చెప్పట్లేదు? ఒక మనా, హేస్ట్, ప్రౌవెస్ (క్రీచర్ కాని ముక్క వేసినప్పుడల్లా బలం పెరగడం). మా అన్న దగ్గర నాలుగున్నాయి.

నీళ్లట్యాంకు:
2022లో కామన్‌గా వచ్చింది, 2023లో పాపర్‌లో బ్యాన్ చేశారు. ఇంట్లో ఆడుకోవచ్చు, బ్యాచ్‌లో ఒప్పుకోరు. పైగా అది గోబ్లిన్ కాదు, మేట్రన్ అక్క దాన్ని తేలేదు.

చిల్కలగూడ_చిన్నోడు:
అయ్యో. సరే.

నీళ్లట్యాంకు:
వచ్చాను కాబట్టి అవతలి వైపు నుంచి నాలుగు మాటలు. నేను నీలం ఆడతాను, ఎర్రోళ్లంటే నాకు పడదు, అయినా నిజం చెప్తా.

నా కౌంటర్‌స్పెల్‌కి రెండు నీలం మనా కావాలి. నువ్వు ముందు ఆడితే నీ మొదటి రెండు టర్న్‌లలో ఏం దింపినా నేను దానితో ఆపలేను. ఆ రెండు టర్న్‌లలో నువ్వు ఎంత పెడితే అంత నాకు పరేషాన్. బీటిల్‌బ్యాక్ చీఫ్ నాలుగు మనా, మూడు ఒళ్లు (క్రీచర్లు) దింపుతుంది, కాగితం మీద బ్రహ్మాండం, కానీ నాలుగో టర్న్‌కి నేను దాని కోసమే కూర్చుని ఉంటా. అదే మార్షల్ రెండో టర్న్‌లో వస్తే నాకు చేసేదేం లేదు, చంపితే ఇంకో టోకెన్, చంపకపోతే అది కొడుతుంది. గోబ్లిన్ ఇన్‌స్టిగేటర్ కూడా రెండు మనాకి రెండు ఒళ్లు. నీ లిస్ట్‌లో ఎందుకు లేదో అర్థం కాలేదు.

నేను కౌంటర్ దాచుకునేది ఒక్కదానికే, బుష్‌వాకర్. అది తెలుసుకో. నా ల్యాండులన్నీ పడుకున్న టర్న్ చూసి అది వేయి. ఫైర్‌బ్లాస్ట్ అంటే ఇంకా భయం, ఎందుకంటే నీ ల్యాండులన్నీ ట్యాప్ అయి ఉన్నాయి కదా అని నేను ధీమాగా ఉంటా, అప్పుడు పడుతుంది.

ఇంతకంటే చెప్పను, మా వాళ్లు చూస్తారు.

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
మీరంతా ఇంత రాస్తారనుకోలేదు. చీఫ్‌ని తీయడానికి మనసు రావట్లేదు అన్నా, నా మొదటి ఫాయిల్ (మెరిసే కార్డు) అదే.

పాత_పేకముక్క:
ఒకటి ఉంచుకో. ఫాయిల్ ఒకటేగా?

మొత్తం లిస్ట్ చెప్తాను. తీసేయాల్సినవి: మినోటార్ 4, లావా యాక్స్ 4, చీఫ్ 3, మేట్రన్ 2, మౌంటెన్ 6. మొత్తం 19 ఖాళీలు. పెట్టాల్సినవి: మాగ్ కాన్‌స్క్రిప్ట్స్ 4, గోబ్లిన్ స్లెడ్డర్ 4, బుష్‌వాకర్ ఇంకో 2, ఇన్‌స్టిగేటర్ 4, చైన్ లైట్నింగ్ 4, ఫైర్‌బ్లాస్ట్ ఇంకొకటి. ఇవీ 19. మొదటి టర్న్ క్రీచర్లు 16 అవుతాయి, లెక్కలాయన చెప్పిన 90 శాతం వచ్చేసింది.

ఇదేం కొత్త తెలివి కాదు. 1996లో జే ష్నైడర్ ఆలోచనతో కట్టిన ఎర్ర డెక్‌తో పాల్ స్లై అట్లాంటాలో ఆడాడు, అందులో చూడ్డానికి నాసిరకం అనిపించే చిన్న క్రీచర్లు ఎన్నో ఉన్నాయి. ప్రతి టర్న్‌కీ ఉన్న మనా ఉన్నట్టు ఖర్చయ్యేలా కట్టడమే దాని కిటుకు. మనా కర్వ్ అనే మాట ఇప్పుడు చంటిపిల్లోడు కూడా అంటాడు, అది జనంలోకి పాకింది ఆ డెక్ పుణ్యమే.

మియాపూర్_లెక్కలు:
కాన్‌స్క్రిప్ట్స్ మీద నాకు అనుమానం ఉంది. ఒక మనాకి 2/2 అంటే బాగానే ఉంది కానీ కోహార్ట్‌కున్న రోగమే దీనికీ ఉంది, క్రీచర్ వేయని టర్న్ కొట్టదు. ఎనిమిది మంది ఇలాంటోళ్లు ఉంటే, చేతిలో అన్నీ బోల్ట్‌లే మిగిలిన రోజు మొత్తం సైన్యం ధర్నాకి కూర్చుంటుంది.

పాత_పేకముక్క:
నిజమే. అందుకే చేతిలో ఒక గోబ్లిన్‌ని మిగిల్చుకుంటూ ఆడాలి. రెండో టర్న్‌లో రెండు ఒక మనా గోబ్లిన్లున్నా ఒక్కోసారి ఒకటే వేసి మిగతా మనాతో బోల్ట్ వేస్తా, రెండోది వచ్చే టర్న్‌కి టికెట్. క్రిప్ట్ ర్యాట్స్ లాంటివాటికి కూడా అదే మందు, బల్ల మీద మూడు నాలుగు ఉన్నాక మిగతావాటిని బయట పెట్టకు.

స్లెడ్డర్ పని కూడా అక్కడే. ఎలుకలు ఒక దెబ్బ వేస్తున్నాయనగానే, ఎలాగూ చచ్చే టోకెన్‌ని బలిచ్చి డెనిజెన్‌కి +1/+1 ఇవ్వు, అది బతుకుతుంది. ఎదుటివాడు నీ గోబ్లిన్లలో ఒకడిని అడ్డుకుంటే ఆ గోబ్లిన్‌నే బలిచ్చి, అడ్డు లేనోడికి ఆ ఒక్కటి కలుపు. ఊరికే పోయే ప్రాణం ఒక్కటి కూడా ఉండకూడదు.

మేట్రన్_అక్క:
ఇవన్నీ కొనకముందు జిరాక్స్ తీసి స్లీవ్‌లో పెట్టి నాలుగు ఆదివారాలు ఆడు తమ్ముడూ. హాస్టల్ బ్యాచ్‌లో ఎవరూ ఏమనరు. నేను కొన్న మొదటి ఇరవై కార్డుల్లో పదిహేను ఇప్పటికీ బిర్యానీ ఆఫర్ కాగితాలతో కలిసి డ్రాయర్లో ఉన్నాయి. చైన్ లైట్నింగ్ చివర్న కొను, అందాకా బర్స్ట్ లైట్నింగ్‌తో నడుస్తుంది. రెండు దెబ్బలే, కానీ ఆట సాగి మనా మిగిలితే కికర్ కట్టి నాలుగు చేసుకోవచ్చు.

సైడ్‌బోర్డ్ (ఆటల మధ్య మార్చుకునే అదనపు కార్డులు) గురించి ఎవరూ అడగలేదు కాబట్టి క్లుప్తంగా: నీలానికి పైరోబ్లాస్ట్, ఆర్టిఫాక్ట్ డెక్‌లకి స్మాష్ టు స్మిథరీన్స్, నీలాంటి చిల్లర సైన్యాలకి ఎలక్ట్రికెరీ. మొత్తం పదిహేను దాటొద్దు.

నీళ్లట్యాంకు:
పైరోబ్లాస్ట్ చెప్పాల్సిన అవసరం ఉందా అక్కా?

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
వారం తర్వాత వచ్చాను. జిరాక్స్ ముక్కలతో ఆడాను, మేట్రన్ రెండే పెట్టాను (అక్కా సారీ), ల్యాండులు 18, చైన్ లైట్నింగ్ బదులు బర్స్ట్ లైట్నింగ్. ఐదు ఆటలు, మూడు గెలిచాను.

ఓడిన రెండింట్లో ఒకటి పూర్తిగా నా అత్యాశ. ఒక్క ల్యాండ్, ఐదు ఒక మనా గోబ్లిన్లు, ఒక బోల్ట్. నేనే ముందు ఆడుతున్నాను, అంటే మొదటి టర్న్ కార్డు కూడా రాదు. ఉంచేసుకున్నాను. రెండో ల్యాండ్ ఐదో టర్న్‌లో వచ్చింది. అంతలో ఎదుటివాడు టేబుల్ తుడిచేశాడు.

అదే నల్ల డెక్ అతనితో కూడా పడింది. మూడో టర్న్‌లో చేతిలో కాన్‌స్క్రిప్ట్స్, బుష్‌వాకర్. చెయ్యి అలవాటుగా బుష్‌వాకర్ మీదికే వెళ్లింది, ఆగి, వెనక్కి తీసుకుని, ముందు కాన్‌స్క్రిప్ట్స్ పెట్టాను. అతను నా మొహం చూసి "ఎవరో చెప్పినట్టున్నారు" అన్నాడు. ఆ టర్న్‌లో కాదు, తర్వాతి టర్న్‌లో ఆట అయిపోయింది. ఫైర్‌బ్లాస్ట్ ఆఖరి ముక్కగా వేశాను, 4 లైఫ్ మీద ఉన్నాడు, సరిగ్గా 4.

మియాపూర్_లెక్కలు:
ఒక్క ల్యాండ్ చెయ్యి రెండోవాడిగా అయితే ఆలోచించొచ్చు, ముందు ఆడేటప్పుడు వద్దు. మలిగన్ చేస్తే ఇప్పుడు మళ్లీ ఏడు చూసి ఒకటి కింద పెట్టడమే కదా, ఆరు ముక్కలతో కూడా ఈ డెక్ కదులుతుంది.

మేట్రన్_అక్క:
19 ల్యాండులు పెట్టి ఉంటే ఆ ప్రశ్నే వచ్చేది కాదు. ఇది రికార్డు కోసం చెప్తున్నా.

చార్‌సౌబీస్_చాయ్:
తమ్ముడూ ఇప్పుడు మార్షల్ నాలుగు, ఇన్‌స్టిగేటర్ నాలుగు, చీఫ్ ఒకటి. ఒక్కో ఆటలో ఎనిమిది టోకెన్లు దిగుతాయి. ఏం వాడుతున్నావు?

ఎస్సార్‌నగర్_ఎర్రోడు:
ఉస్మానియా బిస్కట్ ముక్కలు. మూడో ఆటలో మా రూమ్మేట్ రెండు గోబ్లిన్లని తినేశాడు, అప్పుడు లెక్క తప్పింది.

పాత_పేకముక్క:
చింతపిక్కలు తెచ్చుకో. ఒక వైపు అరగదీస్తే తెల్లగా వస్తుంది, తెల్ల వైపు పైకుంటే ట్యాప్ అయినట్టు, నల్ల వైపుంటే నిలబడినట్టు. మా బ్యాచ్‌లో ఎప్పటినుంచో అవే. వచ్చే ఆదివారం అమీర్‌పేట వైపు వస్తున్నా, ఒక గుప్పెడు తెస్తా. ఆ నల్ల డెక్ అతన్ని కూడా ఉండమను.